ఆ వెళ్ళిన కారేంటి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

బెంగళూరు రోడ్ల మీద కనిపించే అరుదైన స్పోర్ట్స్ కార్ల గురించి అక్కడి మన పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు. ‘ఎంతకొస్తుంది?’, ‘ఎవరిది?’ అన్న ప్రశ్నలు పక్కన పెట్టాం. మొదటిది షోరూంవాళ్ళను అడగాల్సింది, రెండోది ఎవరినీ అడగకూడనిది.

ప్రశ్న: రోజూ బైకు మీద ఆఫీసుకు వెళ్తాను. ఏదైనా స్పోర్ట్స్ కారు పక్కనుంచి వెళ్తే పేరు చదివేలోపే మాయమైపోతుంది. రెండు మూడు సెకన్లలో పోల్చుకోవాలంటే ఏం చూడాలి? — సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మారతహళ్ళి

జవాబు: పేరు కోసం వెతకడమే పొరపాటు. బ్యాడ్జీ చిన్నగా ఉంటుంది. కొందరు దాన్ని పీకించేస్తారు, కొందరు పై మోడల్‌ది కొని అంటించుకుంటారు. ముందు ఇంజను ఎక్కడుందో కనిపెట్టండి, సగం పని అయిపోతుంది.

డ్రైవరు ముందు చక్రాలకు బాగా దగ్గరగా కూర్చుని, ముక్కు పొట్టిగా, వెనకభాగం పొడుగ్గా ఉంటే ఇంజను సీట్ల వెనక ఉన్నట్టు. తలుపు దాటగానే గాలి పీల్చుకునే సందు కూడా ఉంటే ఇక సందేహం లేదు. ఫెరారీ 488, ఎఫ్8, 296, లంబోర్గినీ హురకాన్, ఆడీ ఆర్8, మెక్‌లారెన్‌లు ఈ కోవలోవి. బానెట్ బారెడు సాగి, సీట్లు వెనక చక్రాల దగ్గరికి జరిగినట్టుంటే ఇంజను ముందున్నట్టు: ఫెరారీ రోమా, 812, ఆస్టన్ మార్టిన్‌లు, మెర్సిడెస్ ఏఎంజీ జీటీ, ఫోర్డ్ మస్టాంగ్. కప్పు నుంచి వెనక బంపరు దాకా ఎక్కడా మెట్టు లేకుండా ఒకే వాలుగా దిగిపోతే పోర్షే 911. దాని ఇంజను వెనక ఇరుసుకు కూడా అవతల ఉంటుంది.

తర్వాత చూడాల్సింది వెనక దీపాలు, సైలెన్సర్ గొట్టాలు. బైకు మీద ఉన్నవాళ్ళకు కారు ఎదురుగా కంటే ముందు పోతూనే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి మీకు పనికొచ్చేవి ఇవే. అవుటర్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర మీ ముందు ఒక ఎర్ర ఫెరారీ ఆగిందనుకోండి. ఒక్కో వైపు ఒక్కటే గుండ్రటి దీపం, బంపరు మధ్యలో మూడు గొట్టాలు ఉంటే అది 458 ఇటాలియా. దీపం ఒక్కటే ఉండి, గొట్టాలు రెండే, అవీ ఎడంగా ఉంటే 488. అప్పుడు పక్కకు కూడా ఒక చూపు వేయండి. 488కి తలుపు వెనక పెద్ద సందు, దాన్ని రెండుగా చీల్చే పలక ఉంటాయి. 458కి అక్కడ ఒళ్ళు నున్నగా ఉంటుంది. వైపుకు రెండేసి గుండ్రటి దీపాలుంటే ఎఫ్8 ట్రిబ్యూటో. గుండ్రటి దీపాలే లేకుండా, ఎత్తులో సరిగ్గా మధ్యన ఒక్కటే పెద్ద గొట్టం ఉంటే 296. ఒక మెలిక ఉంది: 458లోనే స్పెషాలే అనే రకానికి గొట్టాలు రెండే. కానీ అది కనిపించిందంటే గొట్టాల లెక్క మర్చిపోయి సంతోషపడొచ్చు, అంత అరుదు.

ఆ అంకెలకూ అర్థం ఉంది. 458 అంటే 4.5 లీటర్లు, 8 సిలిండర్లు. 296 అంటే 2.9 లీటర్లు, 6 సిలిండర్లు. 488 లెక్క వేరు: ఒక్కో సిలిండరు సుమారు 488 సీసీ, అలాంటివి ఎనిమిది. ఫెరారీవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకుని దాన్నే పాటిస్తారని ఆశ పెట్టుకోకండి.

లంబోర్గినీల్లో హురకాన్‌కు దీపాల్లో ‘వై’ ఆకారం ఉంటుంది. 2014 నాటి మొదటి రకానికి గొట్టాలు బంపరు అడుగున నాలుగు. 2019లో వచ్చిన ఈవోకు పైన, నంబర్ ప్లేటు ఎత్తులో, రెండు పెద్దవి. పేరు వెనక 610-4 అని ఉంటే 610 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ శక్తి. 580-2 అంటే 580 హార్స్‌పవర్, వెనక చక్రాలకే శక్తి. రెండో తరం ఆడీ ఆర్8లోనూ హురకాన్‌లో ఉన్న 5.2 లీటర్ల వీ10 (ఇంగ్లీషు ‘వి’ ఆకారంలో పేర్చిన పది సిలిండర్ల) ఇంజనే ఉంటుంది. శబ్దం విని పొరబడేవాళ్ళు తలుపు వెనక చూడాలి. మొదటి తరం ఆర్8కు అక్కడ వేరే రంగులో నిలువు పలక ఉంటుంది, రెండో తరంలో ఆ పలక రెండు ముక్కలైంది.

ఇవన్నీ సిగ్నల్ దగ్గర చేసే పనులు. బండి కదులుతుండగా మెడ తిప్పి చూడకండి.

ప్రశ్న: తలుపులు పైకి లేచాయంటే లంబోర్గినీ అనే కదా? ఫ్రెండ్‌తో పందెం కట్టాను. — డిగ్రీ విద్యార్థి, విజయనగర

జవాబు: పందెం పోయింది. కత్తెరలా నిలువుగా లేచే తలుపులు లంబోర్గినీలో వీ12 ఇంజను వరసకే ఉంటాయి: కౌంటాక్, డయాబ్లో, ముర్సియెలాగో, అవెంటడోర్, రెవుయెల్టో. గలార్డో, హురకాన్‌ల తలుపులు మన మారుతిలాగే పక్కకే తెరుచుకుంటాయి. మెక్‌లారెన్ తలుపులు బయటికి ఒరుగుతూ పైకి లేస్తాయి. మెర్సిడెస్ ఎస్ఎల్ఎస్ తలుపులు కప్పులోంచే రెక్కల్లా విప్పుకుంటాయి. బీఎండబ్ల్యూ ఐ8 తలుపులూ పైకే లేస్తాయి, దాని వెనకేమో 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజను, దానికి తోడు ఎలక్ట్రిక్ మోటారు. జనం సెల్ఫీలకు ఎగబడే కార్లలో అదొకటి. ఇక కీలు మార్పించి పైకి లేపించుకున్న పాత సివిక్‌లు కూడా ఉన్నాయి, వాటి సంగతి కింద నకిలీల ప్రశ్నలో.

ప్రశ్న: పోర్షే 911లన్నీ నాకు ఒకేలా కనిపిస్తాయి. ఏది పాతది, ఏది కొత్తది, ఏది నిజంగా అరుదైనది? — బ్యాంకు ఉద్యోగి, జయనగర

జవాబు: ఒకేలా ఉండటమే వాళ్ళ గొప్ప. అయినా తేడాలు దాగవు. ముందు దీపం గుండ్రంగా కాక, పగిలిన కోడిగుడ్డు సొనలా కిందికి జారినట్టుంటే 996 తరం (పేరు 911 అనే ఉన్నా ఒక్కో తరానికి ఇలా వేరే అంకె ఉంటుంది). దాని తర్వాత 2004లో వచ్చిన 997లో దీపం మళ్ళీ గుండ్రమైంది. 991లో కారు పెరిగింది, వెనక దీపాలు సన్నబడ్డాయి. ఆ రెండు దీపాలనూ కలుపుతూ అడ్డగీత వెలిగితే 991లో అది నాలుగు చక్రాలకు శక్తి అందే రకం. 2018 చివర్లో వచ్చిన 992లో మాత్రం అన్ని రకాలకూ ఆ గీత ఉంటుంది. కాబట్టి గీత కనిపించగానే ‘ఫోర్ వీల్ డ్రైవ్’ అనేయకండి.

టర్బో అయితే వెనక చక్రాల పైన, ఒంటి మీద గాలి సందులుంటాయి. నిలబడి చూడదగ్గది జీటీ3. 4 లీటర్ల ఇంజను, టర్బో (పొగ బలంతో ఇంజనులోకి ఎక్కువ గాలి నెట్టే యంత్రం) లేనిది, 9,000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 9,000 చుట్ల దాకా తిరుగుతుంది. చక్రానికి ఐదు బోల్టులకు బదులు మధ్యలో ఒక్కటే పెద్ద నట్టు ఉంటుంది. అయితే టర్బో ఎస్, జీటీఎస్‌లకూ ఆ నట్టు ఉంటుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. 992 జీటీ3కి వెనక రెక్కను కింది నుంచి మోసే కాళ్ళు ఉండవు, పైనుంచి వంగిన కొక్కేలు పట్టుకుని ఉంటాయి. ముందు మూత మీద ముక్కుపుటాల్లాంటి రెండు సందులు. రెక్క లేకుండా ఆ సందులు మాత్రం ఉంటే ‘టూరింగ్’. చాలామంది మామూలు 911 అనుకుని వదిలేసేది అదే, పోర్షే తెలిసినవాడు ఆగి చూసేదీ అదే.

1998 దాకా వచ్చిన గాలితో చల్లబడే 911 ఎక్కడైనా కనిపిస్తే మిగతావన్నీ వదిలేసి దాని వైపు చూడండి.

ప్రశ్న: యూబీ సిటీ దగ్గర ఎర్ర నంబర్ ప్లేటున్న లంబోర్గినీని చూశాను. ఇంకోసారి పాండిచ్చేరి బండి, మరోసారి అరబిక్ అంకెలున్న ప్లేటు. వీటి అర్థమేంటి? — గృహిణి, వసంతనగర్

జవాబు: మంచి గమనిక. కారును చూసేవాళ్ళు ఎందరో, ప్లేటును చదివేవాళ్ళు కొందరే. కారు కథ మాత్రం ప్లేటు మీదే ఉంటుంది.

ఎర్ర ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటే డీలరు చేతిలో ఉన్న కారు. ట్రేడ్ సర్టిఫికెట్ కింద టెస్ట్ డ్రైవ్‌కో, షోరూం నుంచి షోరూంకో తిప్పుతున్నారన్న మాట. పసుపు మీద ఎర్ర అక్షరాలైతే తాత్కాలిక రిజిస్ట్రేషన్: కొన్నారు, శాశ్వత నంబరు ఇంకా రాలేదు. కొత్త మోడళ్ళను అందరికంటే ముందు పట్టుకోవాలంటే ఈ రెండు రంగుల కోసం కాచుకోవాలి. ఆకుపచ్చ మీద తెలుపు అంటే ఎలక్ట్రిక్, పోర్షే టైకాన్‌లాంటివి. నలుపు మీద పసుపు అంటే అద్దెకిచ్చి సొంతంగా నడుపుకోమనే బండి. నీలం మీద తెలుపు దౌత్యవేత్తలది. ‘బీహెచ్’ వరస 2021లో వచ్చింది: రక్షణ, ప్రభుత్వ ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు. రాష్ట్రం పేరు తర్వాత ‘వీఏ’ అని ఉంటే 50 ఏళ్ళు దాటిన వింటేజ్ బండి. దానికి 20,000 రూపాయల ఫీజు, పదేళ్ళ గడువు.

పాండిచ్చేరి, అంటే ‘పీవై’, సంగతి పన్నుది. కర్ణాటకలో 20 లక్షలు దాటిన పెట్రోలు కారుకు జీవితకాల పన్ను 18 శాతం, పైన సెస్సు. నాలుగు కోట్ల కారు మీద ఎంతవుతుందో మీరే వేసుకోండి. పన్ను తక్కువున్న చోట రిజిస్టర్ చేయించి ఇక్కడ తిప్పడం అందుకే. కానీ మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాల్సిందే. 2025 జులైలో బెంగళూరు ఆర్టీఓ అధికారులు మహారాష్ట్ర నంబరుతో తిరుగుతున్న ఒక ఫెరారీ ఎస్ఎఫ్90 నుంచి 1.41 కోట్ల రూపాయలు వసూలు చేశారు. అయినా పీవై ప్లేటు చూడగానే దొంగ బండి అనేయకండి, పాండిచ్చేరివాళ్ళకూ కార్లుంటాయి.

అరబిక్ అంకెల బండి ‘కార్నే’ పత్రంతో వచ్చిన అతిథి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు సుంకం కట్టకుండా కొన్ని నెలలకని తెచ్చి, తిరిగి పంపేయాలి. స్టీరింగ్ ఎడమ వైపు ఉంటే అది దాదాపు ఈ రకమే. ఇక్కడ అమ్మకానికి వచ్చే కొత్త దిగుమతి కార్లకు స్టీరింగ్ కుడి వైపే ఉండాలి. మళ్ళీ కనిపిస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి స్పాటింగ్ (అరుదైన కార్లను వెతికి గుర్తుపట్టే సరదా) చేసేవాళ్ళకు ఇది పెద్ద పంట.

మన రాష్ట్రాల ప్లేట్ల గురించి ఒక మాట. ‘ఏపీ 39’ చూసి ఏ జిల్లాదో చెప్పలేరు, 2019 నుంచి రాష్ట్రమంతటికీ అదే వరస మొదలైంది. తెలంగాణ బండి ‘టీజీ’ అయితే 2024 మార్చి తర్వాతది, ‘టీఎస్’ అయితే అంతకు ముందుది. ఇక 9999 నంబరు కారు గురించి ఏమీ చెప్పదు, కొన్నవాళ్ళు మనవాళ్ళేమో అన్న అనుమానం తప్ప.

ప్రశ్న: బెంగళూరులో ఎక్కడ, ఏ వేళలో నిలబడితే ఎక్కువ కనిపిస్తాయి? — ఇంజనీరింగ్ విద్యార్థి, యలహంక

జవాబు: మీరు సరైన చోటే ఉంటున్నారు. ఆదివారం తెల్లవారుజామున హెబ్బాళ నుంచి దేవనహళ్ళి వైపు బళ్ళారి రోడ్డే వీటి దారి. ఆరింటికల్లా వెళ్తాయి, ట్రాఫిక్ పెరగకముందే, ఎనిమిది తొమ్మిది మధ్య, తిరిగొస్తాయి. వెళ్ళేటప్పుడు చీకటి, వేగం. తిరిగొచ్చేటప్పుడు వెలుతురు, నింపాది, టిఫిన్ కోసం ఆగడం. అందుకే తిరుగు ప్రయాణాన్నే నమ్ముకోండి. హైవే మీద, ఫ్లైఓవర్ మీద నిలబడొద్దు. సర్వీసు రోడ్డులో పార్కింగ్ ఉన్న హోటళ్ళు, కాఫీ షాపుల దగ్గర ఉంటే కార్లు ఆగి ఉన్నప్పుడే చూడొచ్చు.

సాయంత్రాలైతే విఠల్ మాల్య రోడ్డు, లావెల్లి రోడ్డు, సెయింట్ మార్క్స్ రోడ్డు. శనివారం రాత్రి ఎనిమిది తర్వాత హోటళ్ళ ముందు వాలెట్ కుర్రాళ్ళు బండి తీసుకునే చోట వెలుతురుంటుంది, కారు కచ్చితంగా ఆగుతుంది. ఎదురు ఫుట్‌పాత్ మీద ఉండండి, గేటుకు అడ్డం పడకండి. సదాశివనగర ఇళ్ళ గేట్ల ముందు కాపలా కాయడం మాత్రం మానుకోండి. అది స్పాటింగ్ కాదు, పక్కవాళ్ళ ఇంట్లోకి తొంగిచూడటం.

చాలామందికి తట్టని చోటు పెట్రోలు బంకు. ఈ ఇంజన్లకు ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు కావాలి. తక్కువ ఆక్టేన్ పోస్తే నిప్పురవ్వతో మొదలైన మంట చేరకముందే మిగతా పెట్రోలు తనంతట తానే అంటుకుని ఇంజను కొట్టుకుంటుంది, కంప్యూటరు అది పసిగట్టి శక్తి తగ్గించేస్తుంది. అందుకే ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100 లాంటివి దొరికే బంకుల్లో ఇవి తరచూ ఆగుతాయి. అలాంటి బంకు పక్కన టీ కొట్టు ఉంటే ఇంకేం కావాలి.

ఆయుధ పూజ నాడు మాత్రం వెతకాల్సిన పనే లేదు. ఏడాదంతా కవరు కింద ఉన్నవి కూడా కడిగించుకుని, బంతిపూల దండలేసుకుని బయటికొస్తాయి. మైసూరు రోడ్డులోని గాలి ఆంజనేయస్వామి గుడి బండ్ల పూజకు పేరున్నది. చక్రం కింద నిమ్మకాయ పెట్టి లంబోర్గినీని ముందుకు నడపడం మన దగ్గర తప్ప ఇంకెక్కడ చూస్తాం? వానాకాలం సాయంత్రాలు మాత్రం వృథా. ట్రాక్ కోసం చేసిన పిరెల్లీ ట్రోఫియో లాంటి టైర్లకు గాడులు తక్కువ, తడి రోడ్డు మీద నీళ్ళను పక్కకు నెట్టలేవు. తెలిసిన యజమాని మబ్బు పడితే తాళం తీయడు.

ప్రశ్న: శబ్దం విని కారును చెప్పొచ్చా? మా వీధిలో రాత్రిళ్ళు తుపాకీ పేలినట్టు వినిపిస్తుంది, అది ఫెరారీయేనా? — రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కే.ఆర్. పురం

జవాబు: పేలుళ్ళు వినిపిస్తే ఫెరారీ అయ్యే అవకాశం తక్కువే మాస్టారూ. యాక్సిలరేటరు వదిలినప్పుడు మండని పెట్రోలు సైలెన్సర్‌లో అంటుకుంటే ఆ చప్పుడొస్తుంది. ఇంజను కంప్యూటరును మార్పించుకున్న చిన్న హ్యాచ్‌బ్యాక్‌లు ఆ పని బాగా చేస్తాయి. శబ్దం, కాలుష్యం పరిమితి దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. పోలీసులకు ఫిర్యాదు చేయండి.

అసలు వాటికైతే తేడా తెలుస్తుంది. మస్టాంగ్ జీటీ 5 లీటర్ల వీ8ది గడగడమనే బొంగురు గొంతు. దాని క్రాంక్ షాఫ్టు (పిస్టన్లు తిప్పే ఇరుసు) మలుపులు 90 డిగ్రీల ఎడంలో ఉంటాయి, ఒక వైపు నాలుగు సిలిండర్లు సమాన వ్యవధిలో పేలవు, అందుకే ఆ తడబాటు. ఫెరారీ వీ8లో మలుపులు 180 డిగ్రీలు, పేలుళ్ళు సమంగా వస్తాయి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ కీచుగా సన్నబడుతుంది. అదే ఫెరారీలో 458 అరిస్తే 488 అంతగా అరవదు. టర్బో ఉంటే పొగ వేగంలో కొంత దాని చక్రం తిప్పడానికే పోతుంది, శబ్దం మెత్తబడుతుంది. ఈమధ్య కార్లలో పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ కూడా చేరింది, అది ఇంకాస్త నొక్కుతుంది.

ప్రశ్న: ఇన్ని కోట్ల కారు స్పీడ్ బ్రేకర్ దగ్గర అడ్డంగా తిరిగి పాక్కుంటూ పోతుందెందుకు? — ఆటో డ్రైవరు, శివాజీనగర్

జవాబు: ముందు బంపరు కింది అంచు నేలకు దగ్గర, అదీ చక్రం కంటే చాలా ముందుకు పొడుచుకుని ఉంటుంది. చక్రం ఎక్కకముందే ఆ అంచు గుద్దుకుంటుంది. ఏటవాలుగా వెళ్తే ఒక్కో చక్రం విడిగా ఎక్కుతుంది, కారు మూల పైకి లేస్తుంది, మిగతా భాగానికి చోటు దొరుకుతుంది. చాలావాటికి ముందుభాగాన్ని సుమారు 4 సెంటీమీటర్లు పైకెత్తే మీట ఉంటుంది. అది లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ ఆగడం అందుకే, పొగరు కాదు. దయచేసి ఆ క్షణంలో హారన్ కొట్టకండి.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలా కడితే చాలా కార్లు మెల్లగా దాటేస్తాయి. వీధివాళ్ళు రాత్రికి రాత్రి పోసిన సన్నటి సిమెంటు దిమ్మెలతోనే చిక్కు. వాటికి స్విఫ్ట్ కూడా తగులుతుంది. పాత ఎఫ్430, గలార్డోల్లో ఇంకో బాధ: క్లచ్చిని కంప్యూటరు నడిపే పాతకాలం గేర్‌బాక్సు. పాకే ట్రాఫిక్‌లో క్లచ్చి సగం పట్టి సగం వదిలి రుద్దుకుంటూనే ఉంటుంది, త్వరగా అరిగిపోతుంది. సిల్క్ బోర్డు దగ్గర పొరపాటున ఒకటి కనిపిస్తే నడిపేవాడి ముఖం చూడండి.

ప్రశ్న: ఫోన్‌తో తీస్తే కారు ముక్కు ఉబ్బినట్టు, లైట్ల మీద గీతలు పడినట్టు వస్తోంది. ఏం చేయాలి? — ఫొటోల పిచ్చోడు, హెచ్ఎస్ఆర్ లేఅవుట్

జవాబు: దగ్గరికెళ్ళి వైడ్ లెన్సుతో తీయడమే ఉబ్బుకు కారణం. ఐదారు మీటర్లు వెనక్కి జరిగి 2 లేదా 3 రెట్ల జూమ్ పెట్టండి. ఫోను హెడ్‌లైట్ ఎత్తుకు దించండి, మోకాలి మీద కూర్చోక తప్పదు. నిలబడి తీస్తే ఏ స్పోర్ట్స్ కారైనా నలిగిన డబ్బాలా వస్తుంది. ముందు మూల నుంచి, ముఖం, ఒక పక్క రెండూ పడేలా తీయండి. ఎల్ఈడీ దీపాలు నిజానికి సెకనుకు ఎన్నోసార్లు ఆరి వెలుగుతుంటాయి, వేగమైన షట్టరు ఆరిన క్షణాన్ని పట్టేస్తుంది. ప్రో మోడ్‌లో 1/50 సెకనుకు దించితే గీతలు చాలావరకు పోతాయి.

కదిలే కారుకు 1/60 పెట్టి, మోచేతులు ఒంటికి ఆనించి, నడుము నుంచి తిరుగుతూ కారుతో పాటే ఫోను కదపండి. కారు దాటాక కూడా ఆపకుండా తిరగండి, మధ్యలో ఆపితేనే ఫొటో చెదిరేది. పది తీస్తే ఒకటి కుదిరినా మంచి లెక్కే. నెట్‌లో పెట్టేముందు నంబరును మసక చేయండి. బండి నడుపుతూ చేతిలో ఫోను పట్టుకుంటే 184వ సెక్షన్ కింద మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేలు, ఆరు నెలల నుంచి ఏడాది జైలు కూడా రాసి ఉంది. ఎంత ఫెరారీ అయినా అంత విలువ చేయదు.

ప్రశ్న: నకిలీ లంబోర్గినీలను ఎలా పట్టుకోవాలి? — మెకానిక్, పీణ్య

జవాబు: మీకు మేం చెప్పాలా! అయినా మిగతావాళ్ళ కోసం. టైరు పక్కన రాసి ఉన్నది చదవండి. హురకాన్‌కు వెనక 305/30 ఆర్20, అంటే 305 మిల్లీమీటర్ల వెడల్పు, 20 అంగుళాల రిమ్ము. సెడాన్ మీద ఫైబర్ తొడుగు వేసినదానికి 205, 215 ఉంటాయి, చక్రం ఫెండరు లోపలికి పోయి కనిపిస్తుంది. రిమ్ము పుల్లల వెనక రిమ్మును దాదాపు నింపేసేంత బ్రేకు డిస్కు లేకపోయినా అనుమానించాల్సిందే. ఫైబర్ ఎన్ని వంపులైనా తిరుగుతుంది, ముందు అద్దం తిరగదు. దాని వాలు నిటారుగా, పాత సివిక్‌లాగే ఉంటే లోపలున్నది అదే. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే తయారీదారు, మోడల్ వస్తాయి, యజమాని పేరు అక్షరాలు దాచి చూపిస్తుంది, అంత చాలు. కంపెనీ చేసిన తీరుకు విరుద్ధంగా బండి మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే చెప్పింది.

డీసీ అవంతిని మాత్రం ఈ లెక్కలో వేయకండి. సీట్ల వెనక రెనో 2 లీటర్ల టర్బో ఇంజను పెట్టి మన దేశంలోనే తయారైన సొంత మోడల్ అది. ఫెరారీ అని కేకలేస్తే నవ్వొస్తుంది గానీ, అవంతి అని గుర్తుపడితే గౌరవం పెరుగుతుంది.

ప్రశ్న: కోట్ల కార్లు కాకుండా, మామూలు పార్కింగుల్లో దొరికే అరుదైనవి ఏమైనా ఉన్నాయా? — కాలేజీ లెక్చరర్, బసవనగుడి

జవాబు: మమ్మల్నడిగితే అసలు వేట ఇదే. లంబోర్గినీ ఉరుస్‌ను ఇప్పుడు ఎవరూ తలతిప్పి చూడటం లేదు, అది పెద్ద ఎస్‌యూవీ, స్పోర్ట్స్ కారు కూడా కాదు. దాని పక్కనే దుమ్ము పట్టి ఉన్న ఫోక్స్‌వ్యాగన్ పోలోకు తలుపులు రెండే ఉండి, ముందు జాలీ మీద ఎర్ర గీత ఉంటే ఆగండి. 2016లో మన దేశానికి 99 మాత్రమే కేటాయించిన పోలో జీటీఐ అది, 1.8 లీటర్ల ఇంజను, 192 హార్స్‌పవర్. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్245 2020లో 200 వచ్చాయి. ఆర్ఎస్ బ్యాడ్జీ అంటించుకున్న మామూలు ఆక్టేవియాలు దానికంటే చాలా ఎక్కువ. ఫియట్ పాలియో ఎస్10 సచిన్ పేరు మీద 500 చేశారు, స్టిక్కర్లు ఊడకుండా ఉన్నది దొరకడమే కష్టం. మిత్సుబిషి ఈవో 10 కూడా ఇక్కడ అధికారికంగానే అమ్మారు, వెనక పెద్ద రెక్క చూసి లాన్సర్ అని వదిలేయకండి.

అన్నిటికంటే బెంగళూరుది అనదగ్గది శాన్ స్టార్మ్. బెంగళూరు కేంద్రంగా ఉన్న శాన్ మోటార్స్ తెచ్చిన రెండు సీట్ల చిన్న కారు, ఫైబర్ ఒళ్ళు, రెనో 1.2 లీటర్ల ఇంజను. వేగమేమీ లేదు. బసవనగుడి, మల్లేశ్వరం పాత ఇళ్ళ పోర్టికోల్లో కవరు కింద చాలా పొట్టిగా, చాలా చిన్నగా ఏదైనా ఉంటే, యజమానిని మర్యాదగా ఒకసారి అడిగి చూడండి.

ప్రశ్న: మా అబ్బాయి పదేళ్ళవాడు, చూసిన కార్లన్నీ పుస్తకంలో రాస్తానంటాడు. ఏమేం రాయించాలి? — ఒక అమ్మ, వైట్‌ఫీల్డ్

జవాబు: తేదీ, వేళ, చోటు, కారు, తరం, రంగు, ప్లేటు రంగు, రాష్ట్రం. నంబరు పూర్తిగా రాయొద్దనండి, ‘కేఏ 03’ దాకా చాలు. కచ్చితంగా తెలియకపోతే ‘హురకాన్ కావచ్చు, గొట్టాలు పైన రెండు’ అని చూసింది చూసినట్టు రాయమనండి, తర్వాత సరిచూసుకోవచ్చు. బొమ్మ గీయగలిగితే వెనక దీపాలు గీయించండి.